నా మనవరాలు శిరీష కుక్క అడ్డం వచ్చి చనిపోలేదు

నిన్న తెల్లవారి ఐదూ నలభైకి రజిత ఫోన్ చేసింది. శిరీషతో కలిసి రోజూ సైకిల్ తొక్కే అమ్మాయి.

"అవ్వా, శిరీష పడ్డది. లేస్తలేదు. రోడ్డు మీద వడ్లకు పెట్టిన రాయి తాకింది."

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట: "ఎవరి వడ్లు?"

"మీయే అవ్వా."

షాక్ అంటే ఏమిటో అరవై తొమ్మిదేళ్లకు తెలిసింది.

నేను వెళ్లేసరికి ఊపిరి లేదు. హెల్మెట్ తలకే ఉంది. మెడ విరిగింది.

దానికి ఇరవై ఆరేళ్లు. చౌటుప్పల్‌లో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం. వాళ్ల తాత, అంటే మా ఆయన, డయాలసిస్ కోసం వారానికి మూడుసార్లు బస్సులో నిలబడి నల్లగొండ వెళ్లేవారు. అలాంటి వాళ్లకు ఒక వ్యాన్ కొనాలని శిరీష, స్నేహితులు టీమ్ కట్టారు. ట్రయథ్లాన్ చేసి విరాళాలు పోగుచేయాలని.

నాకు చెప్పిన రోజు:

"అవ్వా, ముందుగాల ఈత, బయటికొచ్చి సైకిల్, దిగి ఉరుకుడు. మూడు ఒక్కపారే."

"ఎందుకే, ఎవరన్న తరుముతున్నరా?"

పడిపడి నవ్వింది. "నువ్వే తరమాలె. టైం నువ్వే చూడాలె."

చూశాను. రిటైర్డ్ లెక్కల టీచర్‌ని.

మా వ్యవసాయ బావే దాని స్విమ్మింగ్ పూల్. గట్టున కుర్చీ వేసుకుని ప్రతి రౌండూ రాసేదాన్ని. ఒకరోజు చివరి రౌండు సగంలో మెట్టు పట్టుకుంది. ఆ రౌండు కొట్టేశాను.

"సగం అయింది గదనే!"

"సగం లెక్కల రాదు. మల్ల దిగు."

పెదాలు నీలంగా ఉన్నాయి. అయినా దిగింది. రెండు రౌండ్లు ఎక్కువే ఈది, పైకొచ్చి నా చీర మీద తడితల విదిలించింది. "ఇగ రాస్కో, టీచరమ్మా."

హైవే మీద సైకిల్ వద్దన్నాను. లారీలు. మన ఊరి రోడ్డు మీదే, పొద్దున ఐదింటికే అన్నాను.

ఒక్కరోజు కూడా నా మాట దాటలేదు.

ఆ రోడ్డు మీదే మా వడ్లు ఆరబోయించాను. తేమ ఉంటే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. తారు మీద తొందరగా ఆరుతాయి. బండ్లు తొక్కకుండా అంచున రాళ్లు, మంచు పడకుండా పైన నల్ల ప్లాస్టిక్ పట్టా. మా దగ్గర అందరూ చేసేదే.

మొన్న సాయంత్రం నా కొడుకు, అంటే దాని తండ్రి, అన్నాడు.

"అమ్మా, పిల్ల చీకట్ల పోతది. జర గా రాళ్లు తీద్దామా?"

"తీస్తే ట్రాక్టర్లు తొక్కుతయ్. దానికి కండ్లు లేవా?"

శిరీష అక్కడే అన్నం తింటోంది. "ఉండనియ్ బాపు. నేను చూస్కుంట."

నిన్న పొద్దున ఎదురుగా వచ్చిన పాలబండి లైటు కళ్లలో పడిందట. అంచుకు జరిగింది.

నా కొడుకు అందరికీ కుక్క అడ్డం వచ్చిందని చెప్తున్నాడు. నన్ను కాపాడాలని. నిన్నటి నుంచి నాతో మాత్రం ఒక్క మాట లేదు.

కుక్క రాలేదు. ఆ రాయి నేను పెట్టించింది. తీద్దామంటే తీయనివ్వలేదు. పోలీస్ స్టేషన్‌లోనూ ఇదే చెప్పాను.

దయచేసి కామెంట్లలో విధి అని రాయకండి.

నిన్న శ్మశానం నుంచి వస్తుంటే అదే రోడ్డు మీద పక్కవాళ్ల వడ్లు, రాళ్లు. మా ఆటో వాటిని తప్పించుకుని పోయింది. ఎవరూ దిగలేదు. నేనూ దిగలేదు.

ఈ ఉదయం వెళ్లాను. మావి తీశాక వాళ్ల రాళ్లు కూడా పక్కకు తోస్తుంటే ఆ ఇంటావిడ వచ్చింది.

"నీ మనుమరాలు పోతే మా వడ్ల మీద పడ్డవా? మొన్న నువ్వు తీసినవా?"

తీయలేదు. అదే చెప్పి, తర్వాతి రాయి తోశాను.

రజిత వాళ్లు రేస్ మానడం లేదు. ఆదివారం ప్రాక్టీస్‌కు ఇదే రోడ్డు మీద వస్తారు. ఇది చదువుతున్న మా ఊరివాళ్లు ఈ సాయంత్రమే మీ రాళ్లు తీయండి. నన్ను తిట్టుకుంటూనే తీయండి.

శిరీషా, బిడ్డా... నొప్పి లేని చోట నిమ్మళంగా ఉండు.

నన్ను క్షమించమని మాత్రం అడగను.