చెయ్యి ఖాళీలేని బలికోవా

బలికోవాను ఖాళీ చేతులతో చూసినవాడు మా జింజా ఊళ్ళో లేడు. ఒక చేతిలో కాల్చిన అరటికాయ ఉంటే రెండో చేతిలో గుడ్డు చుట్టిన చపాతీ ఉంటుంది. ఎవరైనా పలకరించి చెయ్యి చాపితే తన మణికట్టు అందిస్తాడు.

అలాంటివాణ్ణి మా జాలర్ల సహకార సంఘం డైరెక్టరు కగోడా, ఆఫీసులో లినక్స్ సర్వర్ కంప్యూటరు పెట్టించడానికి పిలిపించాడు. పనంతా ఒకే యంత్రంలోకి ఎక్కితే టైపిస్టు నంగోబీని ఇంటికి పంపేయవచ్చని ఆయన ఆలోచన. ఆ మాట ఆమె ఎదుటే అనేశాడు. భర్త పోయాక పిల్లల్ని ఆ టైపు మిషను మీదే పెంచిన మనిషి. ఆ పూట ఆమె భోజనం ముట్టలేదు. పక్క బల్ల దగ్గర లెక్కలు రాసే నేనూ నా డబ్బా తెరవలేదు.

"మొదలుపెట్టవయ్యా ఇంజనీరూ!" అన్నాడు డైరెక్టరు.

బలికోవా చేతులు చూపించాడు. "జిడ్డు సార్. ఇలా ముట్టుకుంటే మీటలకు చీమలు పడతాయి. నంగోబీ అమ్మా, నేను చెబుతుంటాను, మీరు కొట్టండి."

"నేనా బాబూ? పాడైపోతే?"

"పాడైతే బాగుచేద్దాం. ఈలోగా నేనిది తినేస్తాను."

ఆమె జంకుతూనే కొట్టింది. వరస పూర్తికాగానే పాత అలవాటుకొద్దీ ఎడమచెయ్యి ఎత్తి, అక్కడ లేని టైపు మిషను పిడిని ఫెడీమని తోసింది. డైరెక్టరు గారి టీ ఆయన ఒళ్ళోకి వెళ్ళింది.

"దీనికి పిడి లేదమ్మా. కుడిపక్కన ఆ పెద్ద మీట నొక్కితే చాలు," అన్నాడు బలికోవా నములుతూనే.

మర్నాడు వేరుశెనగలు, ఆ మర్నాడు వేయించిన చేప. నాకు ఒళ్ళు మండింది.

"ఏమయ్యా, కొట్టేది ఆవిడ, తినేది నువ్వూనా?"

"పని పంచుకున్నామన్నా," అన్నాడు.

పోనుపోను నంగోబీకి భయం తీరింది. యంత్రం మొరాయిస్తే, "నిన్న చెప్పినట్టు విన్నావుగా, ఇవాళేం రోగం?" అని కొడుకుని గదిమినట్టు గదిమేది.

చివరిరోజు డైరెక్టరు, "ఇక నంగోబీతో పనిలేదు. అప్పుడప్పుడూ నువ్వే వచ్చి చూసిపో," అన్నాడు.

"నేనా సార్? ఆ యంత్రానికీ నాకూ ముఖపరిచయమే లేదు. ఒక్క అక్షరమైనా కొట్టానా? పాస్‌వర్డ్ కూడా ఆవిడే పెట్టుకున్నారు. అప్పుడు నేను మర్యాదగా కిటికీవైపు తిరిగాను."

"నన్ను ముంచావు కదయ్యా!"

అంతలో కరెంటు పోయి వచ్చింది. సర్వర్ తెర నల్లగా నిలిచిపోయింది. డైరెక్టరు బలికోవాను చూశాడు. బలికోవా జిడ్డు చేతులు రెండూ పైకెత్తాడు. కగోడా ఆమెవైపు తిరిగి, "నంగోబీ గారూ, కాస్త చూస్తారా?" అన్నాడు. ఆమె చూసింది. ఇప్పటికీ ఆమే చూస్తోంది.

తర్వాత సంతలో బలికోవా భార్య కనిపిస్తే, "మీ ఆయన అదృష్టవంతుడమ్మా, ఎంత తిన్నా అరుగుతుంది," అన్నాను.

"అరగడమా! ఏ ఆఫీసుకెళ్ళినా ఇదే వరస. చేతులు శుభ్రంగా ఉంటే ఆగలేక తనే కొట్టేస్తాడట, ఇంకెవరూ నేర్చుకోరట. ఇంటికొచ్చి అల్లం నీళ్ళు తాగి రాత్రంతా మూలుగుతాడు!"

ఆ మనిషిమీద నాకు ప్రేమ పొంగుకొచ్చింది. మొన్న చెరకు రైతుల ఆఫీసులో కనిపించాడు. కళ్ళద్దాల ముసలి గుమాస్తా ఒక్కో అక్షరాన్నీ వెతికి వెతికి కొడుతున్నాడు. పక్కన బలికోవా వేయించిన చేపతో, చెమటలు కక్కుతూ కూర్చున్నాడు.

"ఎంతవరకొచ్చిందయ్యా?" అన్నాను.

పొట్ట నిమురుకుంటూ నా చెవిలో అన్నాడు: "పెద్దాయన కాస్త నిదానం అన్నా. ఇంకో వారం తినాలి."