కుందుర్పి దారిలో, కరెంటు రాకముందు పరుగు

నలభై తొమ్మిదేళ్ళ వయసులో నా రెండు కాళ్ళూ ముందస్తు నోటీసు ఇవ్వకుండా సమ్మెకు దిగాయి. మోకాలికీ చీలమండకీ నడుమ ఎముక వెంబడి పుట్టే ఈ నొప్పిని వైద్యులు షిన్ స్ప్లింట్స్ అంటారు. సిమెంటు రోడ్ల మీద ఉత్సాహాన్ని ఒక్కసారిగా పెంచుకున్నవారికి ఇది ప్రదానం చేయబడుతుంది. ఆరు వారాల పరుగు నిషేధకాలంలో ఐసు గడ్డలు, మడమలెత్తి దించే వ్యాయామం, మా బావమరిది హితబోధ నాకు క్రమం తప్పకుండా అందాయి. "ఈ వయసులో పరుగేంది బావా, ఆ బూట్లు నాకియ్యి" అన్నది ఆయన తుది నివేదిక. ఫిజియోథెరపిస్టు మాత్రం ఒక అవకాశం ఇచ్చింది: మెత్తని నేల మీద నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, అలా పది విడతలు. నొప్పి తిరిగొస్తే నిషేధం మళ్ళీ మొదటినుంచి. బూట్లు ఇచ్చే ఉద్దేశం నాకు లేదు కాబట్టి మెత్తని నేల వెదుక్కుంటూ బయలుదేరాను.

అనంతపురంలో తెల్లవారుజామున బస్సెక్కి, కళ్యాణదుర్గంలో బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిని, కుందుర్పి బస్సు మారాను. అన్నీ కలిపి రెండు వందలు దాటలేదు. ఊరికి ముందే దించమని కండక్టరును కోరాను.

"ఆడ బోర్లు తప్ప ఏముండాదన్నా? చుట్టాలుండారా?"

"లేరప్పా. పరిగెత్తను పోతాండా."

ఆయన నా టికెట్టును రెండోసారి పరిశీలించి తిరిగి ఇచ్చాడు.

వేరుశనగ చేల మధ్య ఎర్రమట్టి బాట గట్టిగానూ కాదు, ఇసుకలా జారిపోయేలానూ కాదు, నా ఎముకల కోసమే మంజూరైనట్టు ఉంది. మొదటి మూడు విడతలు ప్రశాంతంగా ముగిశాయి. నాలుగోదానిలో వెనక అడుగుల చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే చీర ఎగదోపుకున్న ఒక నడివయసు రైతు, పేరు ఓబులమ్మ అని తర్వాత తెలిసింది, తన మోటారు వైపు పరుగెత్తుతోంది. ఆమెను చూసి పక్క చేలోని ఇద్దరు, వారిని చూసి అవతలి గట్టు మీది పెద్దాయన కూడా పరుగందుకున్నారు.

అక్కడ బోర్లన్నీ దగ్గర దగ్గరగా ఉంటాయి, సేద్యానికి కరెంటు వచ్చేది కొన్ని గంటలే. కరెంటు రాగానే ఎవరు ముందు మోటారు వేస్తే వారి మడికే నీళ్ళు ధారగా పడతాయి. కాబట్టి పొద్దున పూట చేలల్లో మనిషి పరుగెత్తాడంటే కరెంటు వచ్చినట్టే లెక్క. స్టార్టరు నొక్కి, మోటారు తిరగకపోవడం చూసి, ఓబులమ్మ నా దగ్గరకు వచ్చింది.

"కరెంటు యాడప్పా?"

"నాకేం తెలుసక్కా? కాళ్ళు నొప్పని ఉరుకుతాండా."

"నొప్పైతే కూచోవల్ల గదా. నువ్వు ఉరికితే మేమూ ఉరకవల్ల. మళ్ళా ఉరకద్దు."

"ఇంగా ఆరు విడతలుండాయి. ఉరుకుతా."

ఆమె నన్ను తలనుంచి బూట్లదాకా చూసి, చేల వైపు తిరిగి, నా విషయమై బహిరంగ ప్రకటన చేసింది. "ఓయ్, ఈ బూట్లాయప్పను లెక్కజేయద్దండి. ఉత్తపుణ్యానికి ఉరుకుతాండాడు."

ఆ క్షణం నుంచి నా పరుగుకు ప్రజల్లో ఏ విలువా లేకుండా పోయింది. అయినా పరుగెత్తాను. ఎనిమిదో నడకలో ఉండగా నిజంగానే కరెంటు వచ్చింది. నలుగురూ పరుగు తీశారు. నన్ను దాటుతూ ఓబులమ్మ అరిచింది: "ఇప్పుడు ఉరకప్పా, వచ్చింది!"

కాళ్ళు ఉబలాటపడ్డాయి. "ఇది నడకక్కా" అన్నాను, నడిచాను.

డెబ్బై దాటిన పెద్దాయన సైతం నన్ను దాటేశాడు. "ఉరకాల్సినప్పుడు నడుస్తాడు, ఏం మనిషో" అని పోతూ పోతూ తీర్పు చెప్పాడు.

పదో విడత ముగించి, గట్టు మీద కూర్చుని, ఎముక వెంబడి బొటనవేలితో పైనుంచి కిందికి గట్టిగా నొక్కాను. నొప్పి హాజరు కాలేదు. పక్క మడిలో నీళ్ళు పడుతున్నాయి, సన్నగానే.

వానలు మొండికేసినా, బోరు ఎండినా, మరో బోరు దించి మళ్ళీ విత్తనం వేసేవాళ్ళ సీమ ఇది. నిన్నటిదాకా నా వయసుకు తగినట్టు నడుచుకోమని నాకు సలహా ఇచ్చినవారు ఈ నేలకూ అదే సలహా ఇచ్చి చూడవచ్చు. నేల వినదు. నేనూ వినను, కానీ నడవాల్సిన రెండు నిమిషాలూ నడుస్తాను, ఎవరు దాటిపోయినా సరే.

ఈ బాటలో పరుగెత్తను వచ్చేవారికి ఒక్క సూచన. బూట్ల తాళ్ళు కట్టుకోకముందే చేలల్లో ఉన్నవారికి సంగతి చెప్పండి. చెప్పకపోతే మీ వెనక ఒక ఊరు పరుగెత్తుతుంది, వాళ్ళకు నడక విడతలు ఉండవు.