ఓబన్న తాగని నీళ్ళు

“బతికుంటే మళ్ళా వచ్చి కనపడతాలే పాపా.”

“వద్దన్నా. నువ్వీ తట్టు రావద్దు. నేనే యాడన్నా సంతలో కనపడతా.”

గొర్రెల ఓబన్నా నేనూ చివరిసారి అనుకున్న మాటలివి. ఆయన నవ్వుకుంటూ ఆసుపత్రి మెట్లు దిగిపోయాడు. అంతకు ముందు జరిగిందే ఇక్కడ చెప్పదలచాను. నేను చెబుతున్నాను, మా చెల్లెలి కూతురు షరీఫా రాస్తోంది.

అవి పందొమ్మిది వందల యాభైల చివరి ఏండ్లు. వానలు వరసగా మొగం చాటేసిన కాలం. మా ఆయన పోయాక నేను అనంతపురంలో ఒక ఆసుపత్రిలో ఆయాగా చేరాను. మగవాళ్ళ సర్జికల్ వార్డు, అంటే ఆపరేషన్ అయినవాళ్ళను పడుకోబెట్టే చోటు. చదువంటే నాకు సంతకం వరకే. ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం, బెడ్‌పాన్ పెట్టి తీయడం నా పని. ఇంకో పని కూడా మెల్లగా నా మీద పడింది. మా వార్డు నర్సు సిస్టరమ్మది గుంటూరు వైపు. ఆమె చెప్పేది పల్లెలవాళ్ళకు సగమే అందేది. మిగతా సగం నేను మా మాటల్లో చెప్పేదాన్ని.

ఓబన్నది పామిడి దాటాక పెన్న ఒడ్డున చిన్న పల్లె. పగలంతా ఎండలో గొర్రెల వెంట తిరిగే మనిషి. భార్య పోయింది. ఇంట్లో కొడుకు, కోడలు, ఆమె చంకలో బిడ్డ. ఆయనకు ఒక కిడ్నీ రాళ్ళతో అప్పటికే పాడైపోయింది. రెండోదాని నుంచి మూత్రం దిగే దారిలో రాయి అడ్డం పడితే కొడుకు బండిలో వేసుకొని తెచ్చాడు. డాక్టరు కోసి తీశాడు. తీసి, కొడుకును పక్కకు పిలిచి, “ఉన్నది ఇది ఒక్కటే. ఇందులో మళ్ళీ రాయి పెరిగి ఇదీ చెడిందంటే మనిషి దక్కడు” అన్నాడు.

ఆపరేషన్ తర్వాత ఓబన్నకు కేథటర్ వేశారు. మూత్రం దిగడానికి పెట్టే సన్నటి రబ్బరు గొట్టం అది. దాని కొస మంచం కింద సీసాలో ఉంటుంది. తాగినవి ఎంత, సీసాలోకి దిగినవి ఎంత అని సిస్టరమ్మ రాసుకునేది. దాన్ని ఇన్‌టేక్ అవుట్‌పుట్ అంటారు. నీళ్ళు పోసేది నేను, దిగినవి కొలిచి చెప్పేదీ నేనే. వార్డులో ఓబన్న బాగా తాగేవాడు. కుళాయి తిప్పితే నీళ్ళు రావడం ఆయనకు వింత.

“ఈ నీళ్ళు యాడ్నుంచి వస్తాయి పాపా?”

“మిద్దె మీద తొట్టి ఉండాదన్నా.”

“అంత పైకి ఎవురు మోసినారు?”

“పంపు మోస్తాది. నువ్వు తాగు.”

ఇంటికి పంపే రోజు సిస్టరమ్మ తండ్రీకొడుకులిద్దరినీ కూర్చోబెట్టింది. “దాహం వేసేదాకా ఆగొద్దు. మూత్రం రంగు చూసుకోండి. తేటగా ఉంటే సరే. చిక్కటి టీ రంగులోకి వచ్చిందంటే నీళ్ళు చాల్లేదని అర్థం” అని చెప్పింది.

నేను అందుకున్నాను. “అన్నా, ఉచ్చ ఎర్రగా కనపడిందంటే చెంబెత్తల్ల. లేస్తానే ఒగ చెంబు. గొర్రెలు తోలుకొని పోయేటప్పుడు ఒగ చెంబు. మాపట్యాల ఇంటికొస్తానే ఇంగోటి.”

“సరే పాపా. సన్నబిడ్డకి చెప్పినట్ల చెప్తాండావే.”

సిస్టరమ్మ అదంతా ఆయనతో తిరిగి చెప్పించింది. ఒక్క మాట తప్పకుండా ఒప్పజెప్పాడు.

అయినా ఎండలు ముదిరాక మళ్ళీ వచ్చాడు. చలిజ్వరం, నడుములో పోటు. మూత్రం చుక్కలు చుక్కలుగా పడుతోంది, అదీ ఎర్రగా. ఈసారి కొడుకు లేడు. మేత దొరక్క మందను కన్నడ సీమ వైపు తోలుకుపోయాడట. కోడలు నాగమ్మ తీసుకొచ్చింది. సెలైన్ ఎక్కించారు. రాయి పడితే దొరకాలని, మూత్రమంతా గాజుగుడ్డలో వడకట్టమని సిస్టరమ్మ నాకు చెప్పింది.

“నీళ్ళు తాగమన్నాను కదా ఓబన్నా, తాగలేదా?”

“తాగినా తల్లీ.”

“ఎంత తాగావు?”

“శానా.”

సిస్టరమ్మ ఆయన ఎండిన పెదాలు చూసింది. బయటికొచ్చాక నాతో, “కాశింబీ, ఇంట్లోవాళ్ళను అడుగు. ఈయన మనకు చెప్పడు” అంది.

నాగమ్మ వరండాలో స్తంభం చాటున బిడ్డకు పాలిస్తూ కూర్చుంది. వాళ్ళ ఇండ్లల్లో కోడలు మామకు ఎదురుపడి మాట్లాడదు. మామ కూడా ఇది కావాలని కోడల్ని నేరుగా అడగడు. ఏ అవసరమున్నా కొడుకు నోటితో చెప్పించాలి.

“మీ మామ నీళ్ళు తాగుతాడా, ల్యాదా?”

“సంగటి పక్కన చెంబు పెడతానక్కా. సగం తాగి సగం అట్లే పెట్టి లేస్తాడు. మా నీళ్ళు ఉప్పగుండాయి గదా, ఇష్టం ల్యాదేమో అనుకుంటి.”

“ఆ సగం ఏం చేస్తావు?”

“పారబోస్తారా యాడన్నా? నేనే తాగుతా. పాలిచ్చేదాన్ని, నాకి దప్పిక జాస్తి.”

నీళ్ళు ఎక్కడివని అడిగాను. ఊరి బావి ఎండిపోయింది. పెన్న ఇసుకలో చెలమ తవ్వుకోవాలి. అందులో నీళ్ళు ఊరేదాకా కూర్చుని చిప్పతో తోడుకోవాలి. చంకన బిడ్డతో, నెత్తిన కడవతో ఒకసారి పోయి వచ్చేసరికే పొద్దు నడినెత్తికి వస్తుంది.

“డాక్టరు నీళ్ళు బాగా తాగమన్న సంగతి నీకి తెలీదా?”

ఆ పిల్ల తలెత్తి నన్ను చూసింది. “ఎవురు జెప్పినారు నాకి?”

నిజమే. ఓబన్నకు చెప్పాము. కొడుక్కు చెప్పాము, అతను పెండ్లాం చెవిన వేయకుండానే మంద వెంట పోయాడు. చెంబు నింపే మనిషి అప్పటిదాకా మా వార్డు గడప తొక్కలేదు.

సిస్టరమ్మకు చెబితే వెంటనే నాగమ్మను లోపలికి పిలిపించింది. ఆ పిల్ల తెర పక్కన ఒదిగి నిలబడింది. ఉన్నది ఒక్క కిడ్నీయే అని, నీళ్ళు చాలకపోతే రాయి ఎందుకు పెరుగుతుందో, పెరిగితే ఏమవుతుందో సిస్టరమ్మ నెమ్మదిగా చెబుతోంది. పూర్తికాకముందే నాగమ్మ మంచం వైపు తిరిగింది.

“ఏం మామా, నీకి నోరు ల్యాదా?”

వార్డంతా తలలు తిప్పింది. ఓబన్న గోడ వైపు ఒత్తిగిలాడు.

“అడిగింటే త్యాకుండా ఉందునా?”

ఆయన గోడకు చెప్పినట్టు అన్నాడు. “బిడ్డనెత్తుకొని ఇంగో తూరి పోతావని.”

“పోతా. నువ్వు సస్తే నాకేమన్నా నీళ్ళు మిగులుతాయా?”

పక్క మంచం ముసలాయన నవ్వు ఆపుకోలేక తన కుట్లు పట్టుకున్నాడు.

“రోజూ ఇంకో కడవ తేగలవా అమ్మా?” అని సిస్టరమ్మ అడిగింది.

“త్యాలేను తల్లీ. ఉన్నమాట చెప్తాండా.” మళ్ళీ తనే అంది. “అన్నీ ఇంటికి మోసేదెందుకు? ఇప్పుడు మందే ల్యాదు గదా. ఈయప్పే వచ్చి చెలమ కాడ కూర్చోనీ. ఊరినవి ఊరినట్ల ఆడ్నే తాగనీ.”

ఓబన్న ఇటు తిరిగాడు. కోడలికి కాదు, నాకు చెప్పాడు. “చెలమ కాడ ఆడోళ్ళుంటారు పాపా.”

“ఉంటే? కొరుకుతారా అన్నా?”

“నగుతారు.”

“నవ్వితే నవ్వనీ ఓబన్నా. నవ్వుకు ఆపరేషన్ అక్కర్లేదు” అంది సిస్టరమ్మ.

తర్వాత ఒక ఉదయం నేను వడకడుతుంటే గాజుగుడ్డలో జొన్నగింజంత రాయి మిగిలింది. జ్వరం దిగాక ఓబన్నను ఇంటికి పంపారు. వెళ్ళాడు గానీ, చెలమ దగ్గర నిజంగా కూర్చుంటాడని నాకు నమ్మకం లేదు.

కొన్నేళ్ళకు నాగమ్మ రెండో కాన్పుకు మా ఆసుపత్రికే వచ్చింది. అడగడానికి భయపడుతూనే అడిగాను.

“ఉండాడక్కా. పొద్దన్నే చెలమ కాడికి పోతాడు. మొదట్ల ఆడోళ్ళు నగిరి. ఇప్పుడు వాళ్ళ కడవలు గూడా ఈయప్పతోనే నింపించుకుంటాండారు.”

“నీతో మాట్లాడతాడా?”

“యాడ. కడవతో మాట్లాడతాడు. నేనూ కడవకే జవాబిస్తా.”

ఓబన్న తర్వాత మా వార్డులో పద్ధతి మారింది. నీళ్ళు తాగమని చెప్పాలన్నా, ఉప్పు తగ్గించమనాలన్నా సిస్టరమ్మ ముందు అడిగేది, “మీ ఇంట్లో నీళ్ళు తెచ్చేదెవరు, వండేదెవరు?” అని. ఆ మనిషి వచ్చి వినేదాకా డిశ్చార్జి మాట ఎత్తేది కాదు. నాకు తెలిసింది కూడా అదే. చెప్పింది రోగి ఒప్పజెప్పగానే మన పని అయిపోదు. ఆ మాట ఇంట్లో ఎవరి నెత్తిన బరువై పడుతుందో, వాళ్ళ చెవిన కూడా పడాలి.

ఇంతే షరీఫా. నాగమ్మ వార్డులో వాళ్ళ మామను అన్న మాటలుండాయే, వాటికి నువ్వు మర్యాదలేమన్నా తగిలించినావేమో అని నాకు అనుమానం. ఏదీ, ఆడ్నుంచి చదువు, వింటా.