నీడకు అంచు రాని మాఘం

పెద్దమ్మ పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను కూసుమంచిలో, బడిలో పిల్లల హాజరు వేస్తున్నాను. మా పెదనాన్న భార్య, నన్ను పెంచిన మనిషి. ఏడుపు రావాలి గదా, రాలేదు. నా మీద నాకే రోత పుట్టింది. ఎందుకో చెబుతాను.

చండ్రుగొండ దాటాక అడవి అంచున మా మిరప చేను. కోసిన కాయ కల్లంలో ఎండేటప్పుడు మంచు తగిలితే పాడవుతుందని సాయంత్రం టార్పాలిన్ పట్టాలు కప్పుతాం. పొద్దున ఎప్పుడు తీయాలో పెద్దమ్మే చెప్పాలి. పెదనాన్నది ఎంత పెద్ద నోరైనా ఆ ఒక్క మాట ఆమెదే. పుష్యంలో బారెడు పొద్దెక్కేదాకా ఆపేది. మాఘం నడిచేకొద్దీ రోజుకు కాస్త ముందుగా తీయించేది. అరచెయ్యి చాచి నేల మీద నీడ చూసుకునేది. వేళ్లు మసకగా కనబడితే ఇంకా మంచు ఉన్నట్టు. "నీడకు అంచు రావాలె. గప్పుడే తియ్యాలె" అనేది. ఆకాశం ముందు బూడిదలా, తర్వాత విరిగిన పాల నీళ్లలా, శివరాత్రి దగ్గరపడితే పొద్దున్నే నీలంగా ఎలా మారుతుందో నాకు చూపించేది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని అందరూ అంటారు. చలికంటే ముందు వెలుగు మారుతుందని ఆమె ఒక్కతే అనేది.

తర్వాత చేను పక్క బాటన బొగ్గు లారీలు మొదలయ్యాయి. నిరుడు మాఘంలో నాలుగు రోజులు మధ్యాహ్నం దాకా నీడకు అంచు రాలేదు. పెద్దమ్మ పట్టాలు తీయనివ్వలేదు. లోపల ఉక్కకు కాయ బూజు పట్టి, సగం రంగు పోయి ధర పలకని తాలుకాయ అయింది. పెదనాన్న కూలీలందరి ముందు ఆమెను తిట్టాడు. నేను ఫోన్లో వాతావరణం చెప్పేచోట ఉన్న ఎండ బొమ్మ చూపిస్తూ, "నీకు కండ్లు పోయినయ్ పెద్దమ్మా" అని నవ్వాను. ఛీ.

ఆ సాయంత్రం నన్ను పక్కకు పిలిచి, పట్టాను తుడిచిన కొంగు చూపించింది. నల్లగా ఉంది.

"మంచైతే తడి ఉండాలె గదరా. ఇది దుమ్ము. నా కండ్లు మంచిగనే ఉన్నయ్. మీ పెదనాయనకు నువ్వన్న చెప్పు."

చెబుతానన్నాను. చెప్పలేదు. ఆయన నోటికి ఎవరు ఎదురుపోతారు, పైగా నవ్విన నోటితో ఏమని చెప్పను? మర్నాటి నుంచి ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. ఆమె కల్లంలోకి రావడమే మానేసింది. ఏడాదంతా వెళ్లినప్పుడల్లా ఆమె చేతి పచ్చడి తిని వచ్చాను గానీ ఆ నాలుగు మాటలు నా నోట రాలేదు.

దినాల ఇంటికి లారీల కాంట్రాక్టరు దండ తెచ్చాడు. కుర్చీ మీది దుమ్మును రుమాలుతో దులిపి కూర్చుని, పాతకాలం మనిషి, ఆకాశం చూసి అన్నీ చెప్పేదట కదా అన్నాడు. అందరం తలలూపాం. ఆయనకు చాయ్ అందించింది నేనే. అంతకంటే అసహ్యమైన పని నేను చేసి ఎరగను.

ఆయన వెళ్లాక పెదనాన్నకు కొంగు సంగతి చెప్పాను.

"అప్పుడే చెప్తే ఏమాయెరా" అన్నాడు.

దినాలైన మూడో రోజు పొద్దున గాలి తిరిగింది. భద్రాచలం వైపు అడవి మీద ఆకాశం నీలంగా విచ్చుకుంది. కల్లంలో నలుగురం పట్టా నాలుగు మూలలూ పట్టుకున్నాం. పెదనాన్న ఇంటివైపు తిరిగి, ఎన్నడూ లేని మెత్తని గొంతుతో, "ఏమే, తియ్యాల్నా?" అని అడిగాడు.

ఎండ ఎక్కుతోంది. మేము పట్టా వదల్లేదు, ఎత్తనూ లేదు.