గౌరీశ్వరికి సోకిన గాలి

పద్మనాభం మండలంలో ఓ చిన్న ఊరి బడికి గౌరీశ్వరి వంటమనిషి. మధ్యాహ్న భోజనం రాకముందు ఊళ్లో ఆమెకు పేరే లేదు. అప్పలరాజు పెళ్లాం, అంతే. ఆ అప్పలరాజేమో స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు కూలీ. చీకటితో బస్సెక్కి, దీపాలవేళకు దిగి, మిగతా సంసారమంతా నిద్రలోనే చేసే మనిషి. గరిటె చేతికొచ్చాక ఊళ్లో పిల్లలంతా ‘గౌరమ్మా’ అని పిలవడం మొదలెట్టారు. అప్పట్నుంచి ఆమె నడకే మారిందని చుట్టుపక్కలవాళ్ల అభియోగం. ముఖ్యంగా సూర్యకాంతమ్మది. ఆ గరిటె తన కోడలు హిమబిందుకు రావలసిందని ఆవిడ నమ్మకం.

2005 జూన్‌లో, బడి తెరిచిన కొత్తలో, ఆ గాలి వచ్చింది. విశాఖ జిల్లాలో తుఫాను అందరికీ తెలిసిన చుట్టమే. రేడియోలో కబురు పెట్టి, పోర్టులో ప్రమాద సూచిక ఎగరేయించుకుని, మర్యాదగా సముద్రం మీంచి వస్తుంది. దీనికి ఆ మర్యాదలేమీ లేవు. సాయంత్రం పొలాల మీద ఏనుగు తొండంలా దిగింది. రెండు కొబ్బరిచెట్లను మెలితిప్పింది, ఓ గడ్డిమేటును ఆకాశానికి అప్పగించింది, గౌరీశ్వరి ఇంటి కప్పు రేకులు ఊడబీకి సూర్యకాంతమ్మ పెరట్లో విసిరేసి చల్లబడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మర్నాడు పేపరు జిల్లా పేజీలో ‘బలహీనమైన సుడిగాలి’ అని రెండు ముక్కలు వేశారు. బలహీనమైన గాలికే ఎగిరిపోయే ఇల్లు కట్టుకున్నందుకు సిగ్గుపడాల్సింది గౌరీశ్వరే కాబోలు.

ఆమె చేసిన తప్పు ఒక్కటే. ఆ సాయంత్రం మొగుడు బస్సు దిగగానే పదిమంది ముందూ గోలెత్తింది.

“మావా, మనకి గాలి తగిలీసిందిరా నాయనా!”

ఆ ఊళ్లో గాలి రెండు రకాలు. ఒకటి చెట్లను ఊపుతుంది. రెండోది మనుషులను పడుతుంది; దాన్ని దింపడానికి వేపమండలూ కోడిపెట్టా కావాలి. బస్సు దిగినవాళ్లు రెండోదాన్నే ఇళ్లకు మోసుకెళ్లారు. తెల్లారేసరికి బడి గేటు దగ్గర నలుగురు తల్లులు. ముందు సూర్యకాంతమ్మ.

“ఊరంతా ఒగ్గీసి దాని ఇల్లే ఎందుకు పట్టింది మేస్టారూ? ఏదో పాపం సేసుకునుంటాది. గాలి సోకిన సేత్తో వండిన కూడు మా పిల్లగుంటలకి ఎట్టొద్దు.”

“ఓలమ్మ, సోకింది ఇంటికి పిన్నీ, నాకు కాదు!” అంది గౌరీశ్వరి.

“ఇల్లేటి, ఇల్లాలేటి. రెండూ ఒకటే.”

హెడ్మాస్టరు శ్రీరామ్మూర్తి అయిదో తరగతికి గాలి పీడనం పాఠం చెప్పే మనిషి. గొంతు సవరించుకున్నాడు.

“నాకు వ్యక్తిగతంగా ఇలాంటి నమ్మకాలు లేవమ్మా. కానీ తల్లిదండ్రుల మనోభావాలు కూడా చూడాలి కదా. కొన్నాళ్లు హిమబిందు వండుతుంది.”

మనోభావాలన్నది చదువుకున్నవాడు కట్టుకునే తాయెత్తు. అది కట్టుకున్నాక ఇక పీడనం పాఠం పనిచెయ్యదు.

కప్పులేని ఇంట్లో కూర్చుని గౌరీశ్వరి ఏడ్చింది రేకుల కోసం కాదు. రేకులు ఇవాళ కాకపోతే రేపు వస్తాయి. గరిటె ఒకసారి పోతే మళ్లీ ఆమె అప్పలరాజు పెళ్లామే. కాసేపటికి కళ్లు తుడుచుకుని, రేకులైనా అడిగి తెచ్చుకుందామని సూర్యకాంతమ్మ పెరటివైపు వెళ్లింది. రేకులు అక్కడే ఉన్నాయి. గేదెల పాక మీద, ఎగిరిపోకుండా పైన రాళ్లు కూడా పెట్టుకుని. కింద పాడిగేదె హాయిగా నెమరేస్తోంది. గౌరీశ్వరి గేదె వైపు ఓసారి చూసి, రేకులు అడక్కుండానే వెనక్కి తిరిగింది.

మర్నాడు పొద్దున్నే, ఊరంతా పాలు పోసే కేంద్రం దగ్గరకెళ్లి గౌరీశ్వరి నిలబడింది. సూర్యకాంతమ్మ చెంబు వంచబోతుండగా కేకేసింది.

“బాబూ, ఆ పాలు కేనులో పొయ్యనీకండి!”

“ఏటే, నా పాలకేటొచ్చింది?”

“నీ గేదె పడుకున్నది నా రేకుల కింద కాదేటి పిన్నీ? నాకు సోకిన గాలి నా రేకుకి సోకలేదేటి? రేకుకి సోకితే గేదెకి సోకదా? ఆ పాలు కలిసీసినాక కేనంతా సోకినట్టే!”

పాలు కొలిచేవాడు కొలపాత్ర కింద పెట్టేశాడు. వెనక లైనులో ఉన్నవాళ్లు తమ చెంబుల్లోకి చూసుకున్నారు. పాలబండి వచ్చే వేళవుతోంది. ఒక్కసారిగా ఊరికి వాతావరణ శాస్త్రం పట్టుబడింది.

“సుడిగాలమ్మా అది! పేపర్లో కూడా వేసినారు!”

“ఉత్త గాలి. దానికి మంచీ సెడ్డా ఏటి తెలుస్తాది?”

“నానేటన్నాను?” అంది సూర్యకాంతమ్మ అందరికన్నా గట్టిగా. “మొదట్నుంచీ ఉత్త గాలే అన్నాను!”

“మరైతే బడికాడ కూడా ఓ మాట సెప్పీ పిన్నీ,” అంది గౌరీశ్వరి.

రేకులు ఆ పూటే తిరిగొచ్చాయి, ఒకటి తక్కువ. దాన్ని గాలే ఎటో పట్టుకుపోయిందని సూర్యకాంతమ్మ ఒట్టేసింది. ఏ రకం గాలో ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నం బడి వంటపాకలో మళ్లీ గౌరీశ్వరే అన్నం వార్చి, సాంబారు దించింది. పిల్లలు కంచాలు మోగిస్తున్నారు. పిల్లలకు పెట్టేముందు పంతులు రుచి చూడాలన్నది రూలు. శ్రీరామ్మూర్తి మాత్రం ఇంటినుంచి తెచ్చుకున్న క్యారేజీ గిన్నె విప్పుతున్నాడు.

“మేస్టారూ, ముందు మీరు తినాల.”

“నాకు ఇవాళ కడుపు కొంచెం...”

“కడుపా, మనోభావమా?”

పిల్లలకు ఆ మాట అర్థం కాకపోయినా మేస్టారి మొహం అర్థమైంది, కిసుక్కున నవ్వారు. శ్రీరామ్మూర్తి క్యారేజీ మూత పెట్టేసి, కంచం పట్టుకుని లైనులో అందరికన్నా ముందు నిలబడ్డాడు. గౌరీశ్వరి గరిటె నిండా ముంచింది.