తెల్ల జీపుకు మట్టి రంగులు

ఆ ఆదివారాలు నాకు ఇప్పటికీ కలలో జరిగినట్టే ఉంటాయి. చర్చి నుంచి వచ్చి, అన్నాలు తిని, వరండాలో పాత చాప పరుచుకుని కూర్చునేవాళ్ళం. ఎండ చెట్టు సందుల్లోంచి దిగి చాప మీద మెల్లమెల్లగా జరిగేది. మా ఇద్దరి మధ్య జానెడు పొడవున్న బొమ్మ జీపు. మా ఆయన గుడ్డలో మట్టి జల్లించేవాడు, నేను కుంచెతో జీపుకు అద్దేదాన్ని. గేటు దగ్గర నుంచి చూసేవాళ్ళు, ఈ వయసులో వీళ్ళకు బొమ్మలాట ఏమిటని నవ్వుకునేవారు. నవ్వుకోనీ అని ఊరుకున్నాను. ఊరుకోవడం నా స్వభావం కాదు, అయినా ఊరుకున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్ళ నాటి మాట. భద్రాచలం దాటి అడవిలోకి పోయే రోడ్డు పక్కన ఒక మిషన్ దవాఖానా ఉండేది. మా ఆయన అక్కడ జీపు డ్రైవరు. పద్దెనిమిదేళ్ళు ఒకే జీపు నడిపాడు. నర్సమ్మలను, మందుల పెట్టెలను ఎక్కించుకుని గూడేలకు పోవడం, అక్కడి నుంచి పురుడు పోసుకోవలసిన ఆడవాళ్ళను, జ్వరాల వాళ్ళను తీసుకురావడం ఆయన పని. నేను పక్కనే కాన్వెంటు స్కూల్లో క్రాఫ్ట్ టీచర్ని. మా క్వార్టరు దవాఖానా ఆవరణలోనే, వార్డును ఆనుకుని ఉండేది.

ఆవరణలో హారను కొట్టకూడదని కట్టడి. అందుకని ఆయన సాయంత్రం మా ఇంటి ముందు నుంచి షెడ్డుకు పోతూ, కుడిచెయ్యి కిటికీ బయటికి చాపి డోరు మీద రెండు దెబ్బలు కొట్టేవాడు. టక్, టక్. అది వినబడగానే నేను లేచి ఎసరు పెట్టేదాన్ని. బండి షెడ్డులో పెట్టి, తాళం ఆఫీసులో ఇచ్చి, కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి అన్నం ఉడికేది. లోపలికి వస్తూనే "ఏం కూర?" అని అడిగేవాడు. నాకు ముక్కు మీద కోపం, ఆయనకు నోట్లో నాలుక లేదు. రోజంతా కలిపి ఆయన నాతో మాట్లాడేది నాలుగు ముక్కలైతే అందులో మొదటిది ఇదే. బయట ఏం జరిగిందో చెప్పేవాడు కాదు, నేనూ పెద్దగా అడిగేదాన్ని కాదు.

తర్వాత ఆయనకు షుగరు వల్ల దూరపు చూపు మసకబారింది. డాక్టరమ్మ పరీక్ష చేసి, ఇక బండి నడపొద్దని తాళం తీసుకుంది. ఆ నెలలోనే జీపును కూడా పాత ఇనుము కింద ఇచ్చేశారు. లారీ వచ్చి దాన్ని కట్టుకుని పోతుంటే ఆయన గేటు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. ఎందుకంటే అప్పటికే ఆయన్ను గేటు డ్యూటీకి వేశారు.

ఆ రోజు నుంచి "ఏం కూర?" ఆగిపోయింది. పెట్టింది తినేవాడు. ఉప్పు లేకపోయినా తినేవాడు. ఒకసారి కోపంతో కావాలనే ఉప్పు వెయ్యలేదు, చూద్దామని. పళ్ళెం ఖాళీ చేసి లేచిపోయాడు. ఆ రాత్రి నాకు భయం వేసింది. మనిషి కళ్ళ ముందే తిరుగుతున్నాడు, కానీ ఇంట్లో లేడు. ఎలాగైనా ఆయన్ను మళ్ళీ ఇంట్లోకి తెచ్చుకోవాలి. నాకు చేతనైన విద్య ఒక్కటే, రంగులు వెయ్యడం.

ప్రతి డిసెంబరులో చర్చిలో పశువుల పాక కడితే, అందులోని బొమ్మలకు ముఖాలు దిద్దే పని నాదే. గొర్రెల కాపరికి కనుబొమ్మలు గీసే చేతికి జీపు ఒక లెక్కా అనుకున్నాను. ఖమ్మం బొమ్మల దుకాణంలో ఇనుప జీపు ఒకటి దొరికింది. మిలిటరీ పచ్చరంగు, బానెట్ మీద నక్షత్రం. పక్క సందులోని నెట్ సెంటరులో కూర్చుని, చిన్న కార్లకు రంగులు వేసే పద్ధతి గురించి నాలుగు పేజీలు ప్రింటు తీయించుకున్నాను. ఇంగ్లీషులో ఉన్నాయి. డిక్షనరీ పక్కన పెట్టుకుని స్కూల్లో, క్రాఫ్ట్ గదిలో, ఆయనకు తెలియకుండా మొదలుపెట్టాను.

కింది స్క్రూలు విప్పి పాత రంగును థిన్నరుతో కడిగాను. బంపరు ప్లాస్టిక్‌దని చూసుకోలేదు. నా చేతుల్లోనే ఉడికిన సేమియాలా మెత్తబడి వంగిపోయింది. పిల్లల స్కేలు ఒకటి కోసి కొత్త బంపరు చేశాను. ఆ తర్వాత బూడిదరంగు ప్రైమరు. అది ఆరాక తడిపిన వాటర్ పేపరుతో నున్నగా రుద్దాలి. దాని మీద తెలుపు. స్ప్రే డబ్బాను గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచాలని, పిచికారీ బండి అంచుకు అవతల మొదలై ఇవతల ఆగాలని, ఒక్కో పూత చీరకు పెట్టే గంజిలా పల్చగా ఉండాలని ఆ పేజీల్లో రాసి ఉంది. నాకు ఓపిక ఎక్కడిది? మొదటి పూతే చిక్కగా కొట్టాను. హెడ్‌లైట్ల కింద రంగు కన్నీళ్ళలా కారి గడ్డకట్టింది. మళ్ళీ గీకి, మళ్ళీ రుద్ది, మళ్ళీ కొట్టాను. నా జీవితంలో నేను దేనికీ అంత తగ్గి ఉండలేదు.

తెలుపు ఆరాక నలుపూ గోధుమా కలిపి నీళ్ళలా పల్చన చేసి డోర్ల సందుల్లోకి వదిలాను. రంగు దానంతటదే సందు వెంట పాకిపోయింది. పైన అంటిన మరకను గుడ్డతో తుడిచేస్తే సందులో మాత్రం నీడలా నిలిచింది. అంతవరకు ముద్దలా ఉన్న ఇనుముకు ఒక్కసారిగా డోర్లు వచ్చాయి, బానెట్ వచ్చింది. మాత్రల రేకుతో అద్దాలు చేశాను. పాత సంచి గుడ్డను జిగురులో ముంచి టాపు కప్పాను. నంబరు రాసేటప్పుడు ఊపిరి బిగబట్టుకున్నాను. మూడు నెలలు పట్టింది.

క్రిస్మస్ నాడు ప్రార్థన అయ్యాక ఆయన చేతిలో పెట్టాను. దగ్గరి చూపు బాగానే ఉండేది ఆయనకు. కళ్ళ దగ్గరికి తెచ్చుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మంచిగున్నది. ఎవరిది?"

"ఎవరిదేంది? నీ బండే."

"నా బండి గిట్ల లేకుండె" అని టీవీ మీద పెట్టేసి గేటు దగ్గరికి వెళ్ళిపోయాడు.

నాకు ఒళ్ళు మండింది. మూడు నెలల పని. ఆయనతో మాట్లాడటం మానేశాను. మూడు రోజులు గడిచినా నేను మాట్లాడటం లేదని ఆయనకు తెలియలేదు. అప్పుడు కోపం పోయి ఏడుపొచ్చింది.

జనవరిలో ఒక ఆదివారం తెల్లవారి లేచేసరికి మనిషి లేడు. ప్రార్థనకు రాలేదు, మధ్యాహ్నం భోజనానికీ రాలేదు. చూపు ఆనని మనిషి లారీలు తిరిగే రోడ్డు మీద ఎక్కడున్నాడో తెలియక నా ప్రాణం నాలో లేదు. పొద్దు వాలుతుండగా బస్సు దిగి వచ్చాడు. చేతిలో నాలుగు చిన్న గుడ్డ మూటలు.

"ఏంది ఇవి?"

"మట్టి."

"అది కనపడుతనే ఉన్నది. ఎందుకు?"

"బండికి. గంత తెల్లగ ఎన్నడున్నది అది? నువ్వు బండిని బాప్తిస్మానికి తయారు చేసినట్టు చేసినవ్."

ఏడాదిలో ఆయన అన్ని మాటలు కలిపి మాట్లాడటం అదే మొదలు. నన్ను వెక్కిరించడానికే అయినా సరే, నాకు ప్రాణం లేచి వచ్చింది. మూటలు విప్పి చూపించాడు. ఒకటి ఏన్కూరు దారిలోని ఎర్రమట్టి. ఒకటి వైరా కాలువ గట్టు మీది నల్లమట్టి. ఒకటి బూర్గంపాడు దగ్గర గోదావరి ఒడ్డు ఒండ్రు, తెల్లగా, పిండిలా ఉంది. నాలుగోది గూడేల దారిలోది. ఆకు కుళ్ళి మట్టైన వాసన ఇంకా దానికి ఉంది.

ఆ విధంగా మా ఆదివారాలు మొదలయ్యాయి. పాత వాయిల్ చీర ముక్కలో మట్టిని జల్లించి, మెత్తటి ధూళిని మాత్రం తీసుకునేవాళ్ళం. కొంత పొడిగానే మెత్తటి కుంచెతో అద్దాలి. కొంత జిగురు నీళ్ళలో కలిపి, టూత్ బ్రష్‌కు రాసి, బొటనవేలితో చిమ్మాలి. అప్పుడు చక్రాల వెనక బురద చిందినట్టు పడుతుంది. ఇదంతా నాకు తెలిసిన పని. కానీ ఏది ముందు, ఏది వెనక అన్నది ఆయనకే తెలుసు.

"మొదలు ఏన్కూరుది పెట్టు. అది కడిగినా పోదు. మూలమూలకు ఉంటది."

మందుల కోసం ఖమ్మం పోయి వచ్చేటప్పుడు పట్టే మట్టి అది. దాని కథ చెబుతూ ఒకసారి మందుల పెట్టెల మీద కోడిపెట్ట ఎక్కి ఖమ్మం నుంచి ఇల్లందు మలుపు దాకా ప్రయాణం చేసిన సంగతి చెప్పాడు. నేను నవ్వుతుంటే చెయ్యి కదిలి మట్టి బానెట్ మీద ఎక్కువ పడింది. "ఉండనీ, గట్లనే ఉండె" అన్నాడు.

మొదట్లో నేను రెండు వైపర్లు తిరిగినట్టు అద్దం మీద రెండు విసనకర్రల ఆకారంలో కాగితం కోసి అంటించాను. దాని మీద దుమ్ము చల్లి కాగితం తీసేస్తే, అంతమేర అద్దం శుభ్రంగా ఉంటుంది. ఆయన చూసి తల ఊపాడు.

"ఎడమ పక్కది నడవలే. ఎన్నడూ నడవలే."

"మరి నర్సమ్మ రోడ్డు ఎట్ల చూసేది?"

"చూడకపోయేది. కండ్లు మూసుకొని ప్రార్థన చేసుకునేది."

ఎడమవైపు దుమ్ముతో పూడ్చేశాం. వెనక మెట్టుకు నడుమ రంగు గీకాం, ఆడవాళ్ళు ఎక్కీ ఎక్కీ అరిగిన చోటు అది. నిండు నెలల మనిషి కాలెత్తి ఎక్కలేకపోతే తానే కింద మోకాలు మడిచి మెట్టులా కూర్చునేవాణ్ణని అప్పుడు చెప్పాడు. గూడేల వాళ్ళ భాషలో రా, కూర్చో, భయపడకు అనడం ఆయనకు వచ్చట. అనమన్నాను. సిగ్గుపడుతూ అన్నాడు. కాపురానికి వచ్చిన ఇన్నేళ్ళకు నా మొగుడి నోట నేనెరగని భాష వింటూ, ఎండ చాప దాటి గోడ ఎక్కుతుంటే, నేను కూడా ఆ జీపులో ఇప్పచెట్ల కింద నుంచి పోతున్నట్టే ఉండేది. ఎక్కడి పూల వాసనో వచ్చేది. మట్టి మూటలోదో, మార్చి నెల గాలిదో నాకు తెలియదు.

అయినా ఒక వెలితి ఉండిపోయింది. ఆయన మాట్లాడేదంతా ఆ చాప మీదే, ఆ జీపు గురించే. చాప చుట్టేస్తే మళ్ళీ మౌనం. రాత్రి పెట్టింది తిని పడుకునేవాడు. బండి పని అయిపోతే ఈ మాటలు కూడా అయిపోతాయేమోనని నేను లోపల్లోపల దిగులుపడ్డాను. అయిపోయిన చోటే ఇంకో పూత అని సాగదీశాను.

వేసవి మొదట్లో ఒక ఆదివారం ఇక సాగదీయడానికి ఏమీ మిగల్లేదు. అప్పుడే భోజనాలు అయ్యాయి. జీపు మీద జిగురు నీళ్ళు సన్నగా చల్లి మట్టి రాలకుండా చేశాను. ఆయన దాన్ని ఎత్తి చుట్టూ చూశాడు. కుడి డోరు దగ్గర ఆగాడు.

"ఈడ పెయింట్ లేకుండె" అని కిటికీ కింద ఒక చోటు వేలితో చూపించాడు.

"ఎందుకు లేకుండె?"

"పోయింది."

"అదే, ఎట్ల పోయింది?"

ఆయన ఆ చోటునే వేలితో రుద్దుతున్నాడు. డ్రైవరు కూర్చునే వైపు డోరు కాబట్టి రోగులు ఎక్కే చోటు కాదు. ఏ రాయి తగిలిందో, ఏ నర్సమ్మ ఆనుకుని కబుర్లు చెప్పిందో అని నా బుద్ధి నాలుగు దిక్కులా పోయింది. సరేలే అని బ్లేడు తీసుకున్నాను.

"బ్లేడుతో కాదు టీచరమ్మా. ఇటియ్యి."

జీపును ఎడమ అరచేతిలో పెట్టుకున్నాడు. కుడిచేతి వేళ్ళు మడిచాడు. పెళ్ళినాడు పాస్టరుగారు వాక్యం చదివి ఇస్తే నేను తొడిగిన ఉంగరం ఆ చేతికే ఉంది. ఆ ఉంగరంతో డోరు మీద రెండుసార్లు కొట్టాడు.

టక్, టక్.

తెల్ల రంగు నువ్వుగింజంత లేచి పడింది. అది పడటం చూశానో లేదో నాకు గుర్తు లేదు. నేను తెలివిలోకి వచ్చేసరికి వంటింట్లో ఉన్నాను. గిన్నెలో నీళ్ళు పోసి పొయ్యి వెలిగించి ఉంది. మంట వైపు చూస్తూ నిలబడిపోయాను. పద్దెనిమిదేళ్ళు ఆ చప్పుడు విన్నాను. అది ఎక్కడ తగులుతోందో ఒక్కసారి కూడా బయటికి వచ్చి చూడలేదు. బండి మీద ఊళ్ళన్నిటి గుర్తులూ పెట్టాం. నా గుర్తు ఒకటి ఉందని నాకే తెలియదు.

వెనక అడుగుల చప్పుడైంది. గడపలో ఆయన, చేతిలో జీపు. అన్నం తిని గంట కూడా కాలేదు ఇద్దరం. నా ముఖం చూశాడు, పొయ్యి మీద ఎసరు చూశాడు.

"ఏం కూర?" అన్నాడు.