బాగుపడుతుందేమోనని భయపడిన గొంతు

ఫిల్మ్‌నగర్‌లో నేను డబ్బింగ్ చెప్పే స్టూడియోలో ఏసీ ఎప్పుడూ ఎక్కువే. అందుకే ఆ మధ్యాహ్నం డైలాగ్ చివర నా గొంతు జారితే ముందు ఏసీనే తిట్టుకున్నాను. "ఈ ఇంట్లో నా మాటే చెల్లాలి" అనాలి. "ఈ ఇంట్లో" బాగానే వచ్చింది. "చెల్లాలి" దగ్గరకొచ్చేసరికి గొంతులో ఇసుక పోసినట్టు గరగరమంది. దగ్గాను, నీళ్ళు తాగాను, మళ్ళీ చెప్పాను. మళ్ళీ అక్కడే జారింది.

నా పేరు కనకదుర్గ. మాది తణుకు. ఇరవై ఆరేళ్ళు సినిమాల్లో, సీరియళ్ళలో వేరేవాళ్ళ నోటికి నా గొంతు అరువిచ్చాను. అప్పట్లో ఒక డైలీ సీరియల్‌లో అత్తగారికి చెబుతున్నాను. తెరమీద కోడలిని కాల్చుకుతినేది వేరే ఆవిడ, జనం శాపనార్థాలు మాత్రం నాకు. మా వెంగళరావు నగర్‌లో కూరగాయలావిడ నా బేరం విని, "అమ్మో, ఆ అత్త మీరేనా!" అని రెండు పచ్చిమిరపకాయలు ఎక్కువ వేసేది. నాకు అదో గర్వం. నాకు నోరెక్కువని మా ఆయన అంటారు. ఆయన అబద్ధాలాడరు.

అద్దానికి అవతల కూర్చునే సౌండ్ ఇంజనీర్ పేరు యాదగిరి. పదకొండేళ్ళుగా నా ప్రతి ఊపిరీ విన్న మనిషి. నా హెడ్‌ఫోన్‌లోకి వచ్చే టాక్‌బ్యాక్‌లో, "అమ్మా, ఏంది గట్ల? గొంతు జర తేడా కొడ్తున్నది. ఇయ్యాల ఆపుదామా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే పక్కనున్న డైరెక్టర్ గారు అందుకున్నారు. "ఆపడమేంటయ్యా! దుర్గగారూ, అదేనండీ నాకు కావాల్సింది. ఆ గరగరలో విషం ఉంది. అలాగే ఉంచెయ్యండి."

నేను అలాగే ఉంచేశాను.

మామూలుగా మా డబ్బింగ్ వాళ్ళు గొంతును పసిబిడ్డలా చూసుకుంటారు. నేనూ బుగ్గన కరక్కాయ ముక్క పెట్టుకుని, మిరియాల కషాయం తాగి, పెరుగు ముట్టకుండా పాతికేళ్ళు గడిపినదాన్నే. ఆ నెల నుంచి అన్నీ మానేశాను. సీరియల్‌కి మంచి పేరొచ్చింది, అత్త గొంతు అదిరిందన్నారు, అలాంటి గొంతే కావాలని ఇంకో ఇద్దరు పిలిచారు. ఒక సోమవారం పొద్దున్న లేచి మాట్లాడితే గొంతు కొంచెం తేటగా అనిపించింది. నాకు భయమేసింది. ఫ్రిజ్‌లో చల్లనీళ్ళు తీసి గడగడా తాగేశాను, గరగర పోతుందేమోనని! ఒంట్లో పెరుగుతున్నదానికి నా చేత్తో నేనే నీళ్ళు పోశాను.

నాలుగో నెలలో ఒకరోజు రికార్డింగ్ అయ్యాక యాదగిరి నన్ను కన్సోల్ దగ్గరికి పిలిచాడు. మూడు ముక్కలు వినిపించాడు. మొదటిది ఏడాది కిందటి నా గొంతు, రెండోది రెండు నెలల కిందటిది, మూడోది ఆ రోజుది. మూడోది వింటుంటే నాకు తెలియని మనిషెవరో నా డైలాగ్ పేపరు చదువుతున్నట్టుంది.

"కోపం జెయ్యకుండ్రి అమ్మా. మా అన్నకు గూడ గిట్లనే షురువైంది. చాయ్ పడ్తలేదనుకున్నడు. ఆఖరికి గొంతుల క్యాన్సర్ అన్నరు. ఇప్పుడు మా అన్న లేడు. ఒక్కసారి పెద్ద డాక్టర్‌కి చూపించుండ్రి."

మా ఫీల్డులో మైకు ముందు రోగం మాట, చావు మాట ఎత్తకూడదు. కొబ్బరికాయ కొట్టందే పని మొదలుపెట్టం, ఎవరైనా నోరుజారి అశుభం అంటే చెంపలేసుకోమంటాం. నాకు ఒళ్ళు మండిపోయింది. "శుభం పలకవయ్యా! అన్నం పెట్టే చోట కూర్చుని ఏం మాటలవి? నీ నోట్లో మన్ను పడ!" అని అరిచాను. అంతటితో ఊరుకోలేదు. మేనేజర్ దగ్గరికి వెళ్ళి, ఆ మనిషి అద్దం అవతల ఉంటే నేను మైకు ముందుకు రానన్నాను. సీరియల్‌కి నా గొంతు కావాలి కాబట్టి అతన్ని పంపేశారు. వెళ్ళేటప్పుడు యాదగిరి ఒక్క మాటే అన్నాడు. "పైలం అమ్మా." జాగ్రత్త అని. కృష్ణానగర్‌లో ఏదో చిన్న స్టూడియోలో చేరాడని తర్వాత విన్నాను.

ఆ తర్వాత స్టూడియోలో నా గొంతు గురించి ఎవ్వరూ పల్లెత్తు మాట అనలేదు. అంటే ఏమవుతుందో చూశారు కదా. నెల తిరిగేసరికి కుడి చెవిలో పోటు మొదలైంది. నీళ్ళు తాగితే పొలమారేది. కొత్త ఇంజనీర్ టేకుకీ టేకుకీ మధ్య ఏదో చెరిపేస్తూ ఉండేవాడు, అదేంటో చెప్పేవాడు కాదు. ఒకరోజు హెడ్‌ఫోన్ తియ్యకుండా ఊరికే నిలబడితే నాకే వినిపించింది. నేనేమీ మాట్లాడటం లేదు, అయినా సన్నగా ఈల వస్తోంది. గాలి పీల్చినప్పుడల్లా వస్తోంది. ఊపిరి బిగబట్టాను, ఆగిపోయింది. వదిలి మళ్ళీ పీల్చాను, మళ్ళీ వచ్చింది. అద్దం అవతల ఆ అబ్బాయి తల దించుకున్నాడు.

అప్పటికైనా బుద్ధి రావాలా? ఇంటి దగ్గర డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. "ఎన్నాళ్ళయిందమ్మా?" అని అడిగితే, "రెండు వారాలండీ" అన్నాను. సిగ్గు, భయం, రెండూను. పాపం ఆయన నా మాట నమ్మి అసిడిటీకి మాత్రలిచ్చి, తగ్గకపోతే వెంటనే రమ్మన్నారు. నేను మళ్ళీ వెళ్ళలేదు. ఇంకో నెల పోయాక మెట్లెక్కుతూ ఊపిరాడక కూలబడితే, మా ఆయనే ఆటో ఎక్కించి బంజారా హిల్స్‌లోని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు.

ENT డాక్టరమ్మ ముక్కులోంచి సన్నటి గొట్టం దింపి లారింగోస్కోపీ చేశారు. పక్కనున్న తెరమీద నా గొంతు లోపల కనిపించింది. "ఈ అనండి" అన్నారు. అన్నాను. ఎడమవైపు తెల్లటి తీగ కదిలింది. కుడివైపున ముద్దలా ఏదో కూర్చుని ఉంది, అది కదల్లేదు. "మళ్ళీ అనండి." మళ్ళీ అన్నాను. అది అలాగే ఉంది.

"రైట్ వోకల్ కార్డ్ ఫిక్స్ అయిపోయిందండీ. బయాప్సీ చెయ్యాలి. నిజం చెప్పండి, ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?"

"ఏడు నెలలు" అన్నాను.

ఆవిడ గ్లోవ్స్ తీస్తూ, "మూడు వారాలు దాటితే మా దగ్గరికి రావాలమ్మా" అన్నారు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే కొంచెం ధైర్యంగా ఉండేది.

స్క్వామస్ సెల్ కార్సినోమా, అంటే క్యాన్సరే, స్టేజ్ త్రీ. గొంతు నిలబెట్టడానికి ప్రయత్నిద్దామని రేడియేషన్, దాంతోపాటు వారానికోసారి కీమో పెట్టారు. ముఖానికి సరిపడా ఒక వల లాంటి మాస్క్ చేసి, దాన్ని బల్లకు బిగించేవారు. ఏడు వారాలు, రోజూ అదే పని. నోరంతా పూసింది. ఉమ్మి మింగితే నిప్పు మింగినట్టుండేది. చివరికి ముక్కులో గొట్టం వేసి పాలు పోశారు. అయినా ఏడవలేదు, గొంతు దక్కుతుందన్నారుగా!

మూడు నెలల తర్వాత తీసిన PET స్కాన్‌లో ఆ చోటు ఇంకా వెలుగుతోంది.

"రెసిడ్యువల్ ఉందండీ, జబ్బు ఇంకా మిగిలింది. వాయిస్ బాక్స్ మొత్తం తీసెయ్యాలి. టోటల్ లారింజెక్టమీ" అన్నారు డాక్టరమ్మ. మెడ కింద రంధ్రం చేస్తారు, ఇక ఊపిరి అక్కడి నుంచే. నేను కుదరదన్నాను. వారం రోజులు ఎవరెన్ని చెప్పినా కుదరదన్నాను. గొంతు లేని కనకదుర్గ ఎవరికి కావాలి? ఎనిమిదో రోజు మా ఆయన నా ఎదురుగా కూర్చుని, "నన్ను తిట్టకపోయినా ఫర్వాలేదే, ఉంటే చాలు" అని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన కళ్ళల్లో నీళ్ళు చూడటం అదే మొదలు. సంతకం పెట్టాను.

ఆపరేషన్‌కి తీసుకెళ్ళే ముందు నర్స్, "ఏమైనా చెప్పుకోవాలంటే చెప్పుకోండమ్మా" అని పక్కకు వెళ్ళింది. వేలకొద్దీ డైలాగులు చెప్పిన నోరు కదా, ఒక్కటీ రాలేదు. "రేపటి నుంచి పాలు అరలీటరే చాలని చెప్పారా?" అన్నాను మా ఆయనతో. నా గొంతుతో నేనన్న ఆఖరి మాట అదే.

తర్వాతి రోజుల్లో నేనొక పలక మీద రాసేదాన్ని. మా ఆయనకు కాఫీ కలపడం కూడా చేతకాదు. అలాంటి మనిషి స్టోమా, అంటే ఆ మెడ రంధ్రం, శుభ్రం చెయ్యడం నేర్చుకున్నారు. కఫం కట్టి ఊపిరాడక నేను గిలగిలలాడుతుంటే, చేతులు వణక్కుండా సక్షన్ గొట్టం పెట్టి లాగేవారు. ఒకసారి ఆయన చొక్కా మీద పడితే నేను సిగ్గుతో తల తిప్పుకున్నాను. "ఇరవై ఆరేళ్ళు ఊరంతటికీ వండి పెట్టినట్టు మాటలు పెట్టావు, ఇదెంత" అన్నారు. దయ అంటే పెద్దపెద్ద మాటలని అనుకునేదాన్ని, అలాంటివి మైకులో నేనే ఎన్నో చెప్పాను. చొక్కా మార్చుకుని మళ్ళీ వచ్చి పక్కన కూర్చోవడమే దయ.

ఒక సాయంత్రం వార్డులో టీవీ పెట్టారు. నా సీరియలే. అత్తకు ఇప్పుడు కొత్తమ్మాయి చెబుతోంది. గొంతు నొక్కిపెట్టి, కష్టపడి, అదే గరగర తెప్పిస్తోంది. అలాగే కావాలన్నారు కాబోలు. ఆరోగ్యంగా ఉన్న పిల్ల నా రోగాన్ని అనుకరిస్తోంది. మెడ దగ్గర రంధ్రంలో ఊపిరి ఆగినంత పనయింది. ఆ పిల్ల నంబరు కనుక్కుని, "ఆ గొంతు అనుకరించకమ్మా, అది నటన కాదు, క్యాన్సర్" అని మెసేజ్ పెట్టాను. చూసింది. జవాబివ్వలేదు.

రెండు నెలలకు లోపల చిన్న వాల్వ్ అమర్చారు. రంధ్రాన్ని బొటనవేలితో మూసి మాట్లాడాలి. వచ్చేది ఆడగొంతు కాదు, మగగొంతూ కాదు, నీళ్ళ బిందెలోంచి మాట్లాడినట్టుంటుంది. నలుగురు అర్థం చేసుకునేలా మాట రావడానికి ఇంకో మూడు నెలలు పట్టింది. అప్పుడు యాదగిరికి ఫోన్ చేశాను. ఏమనాలో పలక మీద రాసుకుని, డైలాగ్‌లా పదిసార్లు చెప్పుకున్నాను.

నేను "హలో" అనగానే, "హలో, ఎవరు సార్?" అన్నాడు.

వాక్యం చివర నా గొంతు ఆవగింజంత జారితే పట్టుకున్న మనిషి! ఇప్పుడు నన్ను పోల్చుకోలేకపోయాడు.

"నేను, కనకదుర్గని."

నేను రాసుకున్నదంతా మరచిపోయాను. "నువ్వు చెప్పింది నిజం యాదగిరీ. నీ నోట్లో మన్ను పడాలన్నాను, నీ పొట్ట కొట్టాను. తప్పయింది నాయనా" అన్నాను. మధ్యలో గాలి చాలక మూడుసార్లు ఆగాను. అతను తొందరపెట్టలేదు.

"గట్ల అనకుండ్రి అమ్మా. తప్పు నాది" అన్నాడు. "మీరు కోపం జేస్తే నేను ఎల్లిపోయిన. ఎల్లిపోవద్దుండె. చెయ్యి పట్టి దవాఖానకు గుంజుకపోవాల్సుండె. మా అన్నకు జెప్పలేదు, మీకు జెప్పి గూడ ఇడిసిపెట్టిన. గదే నన్ను తింటుంది."

నేను అన్యాయం చేసిన మనిషి, ఇన్నాళ్ళూ తనే తప్పు చేశానని కుమిలిపోతున్నాడు. నాకు అంతకన్నా శిక్ష ఏముంటుంది? ఇప్పుడు నెలకోసారి వచ్చి పోతుంటాడు. నేను వేలు అడ్డుపెట్టి మాట్లాడుతుంటే కదలకుండా వింటాడు. ఏమైనా తేడా ఉంటే చెప్పమన్నాను. చెబుతానన్నాడు. పోయినసారి వచ్చినప్పుడు చాలాసేపు విని ఏమీ అనకుండా వెళ్ళాడు. ఏమీ లేకే అనలేదో, నాకు భయమేస్తుందని అనలేదో తెలియదు. వచ్చే నెల స్కాన్ ఉంది. రెండేళ్ళు దాటితే గానీ ఏమీ చెప్పలేమని డాక్టరమ్మ అన్నారు.

చదివేవాళ్ళకు ఒక్కటే చెబుతాను. గొంతు బొంగురుపోయి మూడు వారాలైనా తగ్గకపోతే ENT డాక్టర్‌కి చూపించండి, ఎన్నాళ్ళయిందో దాచకుండా చెప్పండి. నీ గొంతు తేడాగా ఉందని ఎవరైనా అంటే కసురుకోకండి. ఆ మనిషినే తోడు తీసుకుని ఆసుపత్రికి వెళ్ళండి. ఆ రోజు యాదగిరిని వెంటబెట్టుకుని నేను వెళ్ళి ఉంటే, ఈ మాట మీకు రాసేదాన్ని కాదు, నా గొంతుతో చెప్పేదాన్ని.